రోజుల పద్దు

"అమ్మా, నేను పెండ్లి చేసుకుంటున్న. పిల్లది ఫిలిప్పీన్స్. ఆమెకు మన పౌరసత్వం ఈడ్నుంచే తీసుకోవచ్చా?"

మస్కట్ నుంచో దోహా నుంచో కొడుకు ఇలా ఫోన్ చేస్తే బోధన్‌లో ఉన్న తల్లి పెండ్లి మాట దగ్గరే ఆగిపోతుంది. పౌరసత్వం మాట ఆమె చెవికెక్కదు. నాలుగు నెలలు గడిచి కోపాలు చల్లారాక ఇంటిల్లిపాదీ వచ్చి ఆగేది మాత్రం ఆ రెండో ప్రశ్న దగ్గరే. పిల్ల ఇక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చు? పిల్లలు పుడితే వాళ్లది ఏ దేశం? మన పొలం ఆమె పేరు మీద ఎక్కుతదా?

ఈ అధ్యాయం ఆ ఇంటి కోసం రాస్తున్నాను. మీరు ఎడపల్లి నుంచి వెళ్లారో, రెంజల్ నుంచో, కోటగిరి నుంచో. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారో, అబుధాబిలో క్రేన్ నడుపుతున్నారో, చట్టం అందరికీ ఒక్కటే. వచ్చేది కోడలైనా అల్లుడైనా ఇప్పుడు తేడా లేదు. ఒకప్పుడు ఉండేది. 1955 నాటి పౌరసత్వ చట్టంలో మొదట ఉన్న మాట భారతీయుణ్ణి పెండ్లాడిన స్త్రీల గురించే. సోనియా గాంధీ 1983లో భారత పౌరురాలైంది ఆ నిబంధన కిందే. మన ఆడపిల్ల విదేశీయుణ్ణి చేసుకుంటే ఆ అల్లుడికి ఆ దారి లేదు. 1986 సవరణతో 'స్త్రీ' పోయి 'వ్యక్తి' వచ్చింది.

ఇక అసలు ప్రశ్నకు సూటిగా జవాబు చెప్తాను. విదేశంలో ఉంటూ, అక్కడి మన ఎంబసీలో కాయితాలిచ్చి, భార్యకో భర్తకో భారత పౌరసత్వం తెచ్చుకోవడం కుదరదు. పెండ్లి పదేళ్ల నాటిదైనా, ఇద్దరు పిల్లలున్నా కుదరదు. పెండ్లి ఆ ఇంటి గడప మాత్రమే. లోపలికి రావాలంటే ఆమె మన దేశంలో గడిపిన రోజులు కావాలి. అయితే విదేశంలో ఉండగానే మొదలుపెట్టగల పని ఒకటుంది. అది తెలియకనే చాలామంది ఐదారేళ్లు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ అధ్యాయం.

రెండు దారులు, ఒకే ఏడు

పౌరసత్వ చట్టం ఐదో సెక్షన్‌లో మీకు పనికొచ్చే దారులు రెండున్నాయి.

మొదటిది 5(1)(సి). భారత పౌరుడిని లేదా పౌరురాలిని పెండ్లాడి, ఏడేళ్లు ఇక్కడ నివాసం ఉన్నవాళ్ల కోసం. ఈ ఏడేళ్లను చట్టం ఒక పద్ధతిలో లెక్కగడుతుంది. దరఖాస్తు పెట్టడానికి ముందటి 12 నెలలు పూర్తిగా ఇక్కడే ఉండాలి. ఆ 12 నెలలకు ముందున్న ఎనిమిదేళ్లలో కలిపి ఆరేళ్లు ఉండాలి. అంటే ఆ ఎనిమిదేళ్లలో రెండేళ్ల పాటు పుట్టింటికి పోయిరావచ్చు, కాన్పుకు పోవచ్చు, తల్లికి బాగాలేకపోతే ఆరు నెలలు ఉండిరావచ్చు. చివరి పన్నెండు నెలల్లో మాత్రం కదలకూడదు. ప్రత్యేక పరిస్థితి ఉందని కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంటే, కారణం రాసి, గరిష్ఠంగా 30 రోజుల వరకు సడలిస్తుంది. అది అడిగి తెచ్చుకునే సడలింపే కానీ మన హక్కు కాదు.

రెండోది 5(1)(జి). ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీసుకుని ఐదేళ్లు నిండి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడ నివాసం ఉన్నవాళ్ల కోసం. ఈ ఐదేళ్లు ఎక్కడ గడపాలని చట్టం అనలేదు. కార్డు చేతిలో ఉండి మస్కట్‌లో గడిపిన ఐదేళ్లు కూడా ఐదేళ్లే. పరదేశంలో ఉన్న మీకు అసలు దారి ఇదే.

మరి ఓసీఐ కార్డు ఎలా వస్తుంది? పెండ్లి రిజిస్టరై, తెగకుండా రెండేళ్లు సాగితే, భారత పౌరుల భార్య లేదా భర్త మీరున్న దేశంలోని మన ఎంబసీ పరిధిలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. విదేశంలో దీనికి 275 డాలర్లు, ఇండియాలో 15,000 రూపాయలు. పెండ్లి ద్వారా వచ్చే కార్డుకు ముందు భద్రతా విభాగాల విచారణ ఉంటుంది కాబట్టి వారాల్లో వస్తుందని అనుకోవద్దు. ఈ పథకం మొదలైంది మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరిలో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో.

ఇప్పుడు లెక్క వేద్దాం. మీ పెండ్లి 2026 జనవరిలో రిజిస్టరైంది అనుకోండి. భార్యను వెంటనే బోధన్ తీసుకొచ్చి ఇక్కడే కాపురం పెడితే, ఏడేళ్లు నిండేది 2033 జనవరికి. అలా కాకుండా దోహాలోనే ఉండి, 2028 జనవరిలో ఓసీఐకి పెట్టారు, ఆ ఏడాది మధ్యలో కార్డొచ్చింది అనుకోండి. ఐదేళ్లు నిండేది 2033 మధ్యకు. చివరి ఏడాది ఇక్కడికి వచ్చి ఉంటే అప్పుడే దరఖాస్తు పెట్టొచ్చు. అయిదారు నెలల తేడా, అంతే. విదేశంలో ఉండటం వల్ల మీరు పోగొట్టుకునేది దాదాపు ఏమీ లేదు, రెండేళ్లు నిండిన నాడే ఓసీఐకి పెట్టుకుంటే. "ఎప్పుడో ఇండియా పోయినప్పుడు చూద్దాంలే" అనుకున్నవాళ్లు 2033లో విమానం దిగి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటారు. నా బాధ వాళ్ల గురించే.

ఒక మినహాయింపు మాత్రం గుర్తుంచుకోవాలి. భార్య గానీ, ఆమె తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతలు గానీ ఎప్పుడైనా పాకిస్థాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఓసీఐ రాదు. వాళ్లకు మిగిలేది దీర్ఘకాలిక వీసా మీద ఇక్కడ ఉండి ఏడేళ్లు నింపుకునే మొదటి దారి. బోధన్‌లోనూ నిజామాబాద్‌లోనూ ఇలాంటి చుట్టరికాలున్న కుటుంబాలు ఈ సంగతి పెండ్లికి ముందే తెలుసుకోవాలి.

వేములవాడ నేర్పిన పన్నెండు నెలలు

చివరి 12 నెలల గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో అర్థం కావాలంటే మన పక్కనే ఉన్న వేములవాడ సంగతి చూడాలి. అది భార్యాభర్తల కేసు కాదు. కానీ అందులో తెగని ముడి ఇదే.

చెన్నమనేని రమేశ్ 1993లో జర్మనీ పౌరసత్వం తీసుకున్నారు. తిరిగొచ్చి 2008లో భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టారు. 2009 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ ఏడే వేములవాడ నుంచి శాసనసభ్యుడయ్యారు, తర్వాతా గెలుస్తూ వచ్చారు. ఆయన మీద పోటీ చేసిన ఆది శ్రీనివాస్ అభ్యంతరం ఏమిటంటే, దరఖాస్తుకు ముందటి 12 నెలలు ఆయన ఇక్కడ నిలకడగా లేరని, చేసిన విదేశీ ప్రయాణాలు చెప్పలేదని. కేంద్ర హోంశాఖ 2017లో పౌరసత్వాన్ని రద్దు చేసింది. హైకోర్టు మళ్లీ పరిశీలించమంది. 2019 నవంబరులో హోంశాఖ మళ్లీ రద్దు చేసింది. చివరకు 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టేసి, 30 లక్షల రూపాయలు కట్టమంది.

లెక్కపెట్టండి: దరఖాస్తు నుంచి తీర్పు దాకా పదహారేళ్లు. ఇన్నేళ్లూ వాదన తిరిగింది ఒక్క ఏడాదిలో ఏ రోజు ఎక్కడున్నారన్న దాని చుట్టూ. పలుకుబడి ఉన్న మనిషికి, పెద్ద వకీళ్లను పెట్టుకోగల మనిషికి అంత పట్టింది. మన ఇంటి కోడలికి అలాంటి రోజు రాకూడదు. చట్టం పదో సెక్షన్ ప్రకారం అబద్ధం చెప్పో, నిజం దాచో తెచ్చుకున్న పౌరసత్వాన్ని తర్వాత ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. 'ఒకసారి వచ్చిందంటే ఇగ పోదు' అన్న మాట నమ్మకండి.

కాబట్టి ఒక నోట్‌బుక్ కొనండి. గీతలున్న పొడుగాటి నోట్‌బుక్, కిరాణా కొట్టువాళ్లు ఖాతా రాసుకునే రకం. మొదటి గడిలో ఇండియాలో దిగిన తేదీ, రెండో గడిలో వెళ్లిన తేదీ, మూడో గడిలో ఎన్ని రోజులు, నాలుగో గడిలో పాస్‌పోర్టు ఎన్నో పేజీలో ముద్ర ఉంది. ఆ ముద్రలు ఎప్పుడూ శుభ్రంగా పడవు. శంషాబాద్‌లో కొట్టిన ముద్ర పక్క వీసా మీదికి పాకి, నెల కనిపిస్తుంది, తేదీ అలుక్కుపోతుంది. 1 అనుకున్నది 7 అవుతుంది. అందుకే విమానం దిగిన రాత్రే, సామాను విప్పకముందే, ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి, తేదీని చేత్తో రాయండి. బోర్డింగ్ పాస్‌ను ఆ పేజీలోనే అతికించండి. పాస్‌పోర్టు మారినప్పుడు పాతది పారేయకండి. రద్దయిన పుస్తకమే ఆమె పాత ఏళ్లకు సాక్ష్యం.

బోధన్ రైతు ఇళ్లకు ఇది కొత్త విద్య కాదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ నడిచినన్నాళ్లు కటింగ్ ఆర్డరు, కాటా దగ్గర ఇచ్చిన తూకం చీటీ, బిల్లు కాయితం అన్నీ మేకుకు గుచ్చి దాచినవాళ్లు మన పెద్దలు. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చీటీలు దాచే అలవాటు మాత్రం ఆ ఇళ్లల్లో ఇంకా ఉంది. మామగారికి ఆ నోట్‌బుక్ అప్పగించండి. ఆయన మీకన్నా జాగ్రత్తగా రాస్తారు.

పెండ్లి జరగడం వేరు, రిజిస్టరు కావడం వేరు

ఇక్కడ మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే ఓసీఐ రెండేళ్ల లెక్క మొత్తం ఈ కాయితం మీదే నిలబడుతుంది.

సెలవు మీద వచ్చి, ఏకచక్రేశ్వరాలయంలో తాళి కట్టి, వంద మందికి భోజనాలు పెట్టి, ఫోటోలు తీసుకుని మస్కట్ వెళ్లిపోయిన జంట పెండ్లి ఊరి కళ్లకు సంపూర్ణం. చట్టం కళ్లకు? వధువు క్రైస్తవురాలైతే హిందూ వివాహ చట్టం కింద అది చెల్లదు. ఆ చట్టం కింద చెల్లాలంటే ఇద్దరూ హిందువులే కావాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2008 డిసెంబరులో తేల్చింది ఇదే. క్రైస్తవ వరుడు, హిందూ వధువు గుడిలో చేసుకున్న పెండ్లి ఆ చట్టం కింద చెల్లదని చెప్పింది.

మతాలు వేరైన జంటకు మూడు దారులున్నాయి. ఒకటి, ఇక్కడే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత ఇంకో 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగాలి. నెల సెలవు మీద వచ్చినవాళ్లకు ఇది సరిపోదు. సెలవు కనీసం రెండున్నర నెలలైనా అడగండి. ఇతర పద్ధతుల్లో ముందే జరిగిన పెండ్లిని కూడా ఈ చట్టం కింద రిజిస్టరు చేసుకోవచ్చు, కాబట్టి గుడిలో తాళి కట్టినవాళ్లు నిరాశపడనక్కర్లేదు. రెండు, మీరున్న దేశంలోని మన ఎంబసీలో 1969 నాటి విదేశీ వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే చాలు. అక్కడి దేశ చట్టం ఆ పెండ్లికి ఒప్పుకోకపోతే మాత్రం ఎంబసీ చేయలేనంటుంది. మూడు, ఆ దేశ చట్టం ప్రకారం పెండ్లి. అబుధాబిలో 2021 చట్టం వచ్చాక ముస్లిమేతర విదేశీయులకు సివిల్ పెండ్లి సులువైంది. మన కుర్రాళ్లు ఈ మధ్య ఆ వైపు చూస్తున్నారు.

మూడో దారిలో వచ్చిన సర్టిఫికెట్ ఇక్కడ చెల్లాలంటే దానికి అపోస్టిల్ ముద్ర కావాలి. ఆ ముద్రను గుర్తించే అంతర్జాతీయ ఒప్పందంలో ఇండియా 2005లో, ఫిలిప్పీన్స్ 2019లో, సౌదీ 2022లో చేరాయి. యుఏఈ లాంటి చేరని దేశాల కాయితానికి ముందు అక్కడి విదేశాంగ శాఖ, తర్వాత మన ఎంబసీ ముద్ర వేయాలి. కాయితం అరబిక్‌లో ఉంటే అధికారిక ఇంగ్లిషు అనువాదం కూడా వెంట ఉండాలి. ఇవన్నీ ఆ దేశంలో ఉద్యోగం ఉన్నప్పుడే, వీసా నడుస్తున్నప్పుడే చేయించుకోండి. ఉద్యోగం పోయి ఇంటికొచ్చాక దుబాయ్ కోర్టు ముద్ర కోసం బోధన్ నుంచి మనిషిని పంపడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు.

అన్నిటికన్నా చిన్నగా కనిపించి అన్నిటికన్నా పెద్దగా దెబ్బ కొట్టేది పేరు. మన పేర్ల తీరు ప్రపంచానికి అర్థం కాదు. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. గల్ఫ్‌కు వెళ్లిన చాలామంది పాస్‌పోర్టుల్లో మొత్తం పేరు ఒకే గడిలో కుక్కి ఉంటుంది. యుఏఈ 2022 నవంబరులో ఒకే పేరున్న పాస్‌పోర్టులను సందర్శక వీసాకు ఒప్పుకోబోమని చెప్పినప్పుడు మన జిల్లాలో ఎన్ని ఇళ్లల్లో కలవరం పుట్టిందో గుర్తుండే ఉంటుంది. పెండ్లి సర్టిఫికెట్‌లో ఆ దేశపు గుమాస్తా మీ అసలు పేరునే ఇంటిపేరు అనుకుని, మీ భార్య పేరు చివర దాన్ని తగిలిస్తాడు. ఐదేళ్ల తర్వాత కలెక్టరేట్‌లో ఆ కాయితం తీస్తే భార్య ఇంటిపేరు ఒకటి, భర్త ఇంటిపేరు ఇంకొకటి.

పెండ్లికి ముందే మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు వేర్వేరు గడుల్లోకి మార్పించుకోండి. ఇండియా వస్తే నిజామాబాద్‌లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. విదేశంలో ఉంటే ఎంబసీ చేస్తుంది. పెండ్లయ్యాక భార్య పేరు కూడా పాస్‌పోర్టులో చేర్పించండి. పెండ్లి రిజిస్టరులో సంతకం పెట్టే ముందు ప్రతి అక్షరం వేలు పెట్టి చదవండి. సంతకం పెట్టాక దిద్దాలంటే కష్టం. పెట్టకముందు దిద్దాలంటే ఒక్క మాట చాలు.

కార్డు ఇచ్చేవి, ఇవ్వనివి

ఓసీఐ కార్డు జీవితాంతపు వీసా. అది ఉన్న కోడలు ఎన్నిసార్లైనా రావచ్చు, ఎన్నేళ్లైనా ఉండొచ్చు, విదేశీయుల నమోదు కార్యాలయానికి వెళ్లి పేరు రాయించుకోనక్కర్లేదు. కార్డు రాకముందు ఎంట్రీ వీసా మీద వచ్చి 180 రోజులు దాటి ఉండేవాళ్లు మాత్రం దిగిన 14 రోజుల్లో నమోదు చేసుకోవాలి. పనంతా ఆన్‌లైన్‌లోనే. గడువు దాటితే జరిమానా ఒక్కటే కాదు, తర్వాత పౌరసత్వ విచారణలో ఆ మచ్చ కనిపిస్తుంది.

కార్డుతో రానివి మూడు: ఓటు, ప్రభుత్వ ఉద్యోగం, వ్యవసాయ భూమి కొనే హక్కు. మన ప్రాంతంలో మూడోది గట్టిగా తగులుతుంది. నిజాంసాగర్ ఆయకట్టులో రెండెకరాలు కొని కోడలి పేరు మీద పెడదామని మామగారికి ఉంటుంది. ఓసీఐ కార్డుతో పొలం కొనకూడదు. తోట, ఫామ్‌హౌస్ కూడా అంతే. వారసత్వంగా వస్తే తీసుకోవచ్చు. ఊళ్లో ఇల్లు కొనొచ్చు. పొలం విషయంలో ప్రేమతో తొందరపడి పేరు మార్పించవద్దు. అది ఆమెకు కానుక కాదు, కేసు అవుతుంది.

పెండ్లి ద్వారా వచ్చిన కార్డు పెండ్లి ఉన్నంతవరకే. విడాకులైతే రద్దు చేయవచ్చు. పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ మూడు నెలల్లోపు కొత్త పాస్‌పోర్టు ప్రతిని, పెండ్లి ఇంకా సాగుతున్నదన్న ప్రకటనను ఆన్‌లైన్‌లో ఎక్కించాలి.

మరొకటి, మీ సొంత పౌరసత్వం. భార్య కోసం పరుగెత్తుతూ మీరే అమెరికా పౌరసత్వం తీసుకున్నారనుకోండి, చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఆ క్షణమే మీ భారత పౌరసత్వం పోతుంది. భార్యకు మొదటి దారి ఉండేది 'భారత పౌరుడి భార్య' అన్న హోదా మీద. అది మీతోపాటే పోతుంది. మీరు ఓసీఐ తీసుకుంటే ఆ హోదా మీద ఆమెకూ కార్డు వస్తుంది, రెండో దారి తెరిచే ఉంటుంది. ఇద్దరూ కలిసి ఒక దేశం ఎంచుకోవాలన్నది ఇందుకే.

గడపలో నిలబడ్డ ఓటరు ఫారం

ఒక మధ్యాహ్నం ఇంటికి ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ (బూత్ స్థాయి అధికారి) వస్తుంది. చేతిలో రిజిస్టరు, సంచిలో ఫారాలు. "ఇంట్లో కొత్త పేర్లేమన్న ఉన్నాయమ్మా?" అత్తగారు లోపలికి చూసి, వంటింట్లో ఉన్న కోడల్ని మురిపెంగా పిలుస్తుంది. "మా కోడలుంది కదా, రాసుకో." కోడలి ఆధార్ కార్డు తెచ్చి ఇస్తారు. ఆరో నంబరు ఫారం నిండుతుంది. అందులో 'నేను భారత పౌరురాలిని' అన్న వరుస కింద కోడలు, తనకు రాని భాషలో ఉన్న కాయితం మీద, అత్తమ్మ చూపించిన చోట సంతకం పెడుతుంది.

ఆ సంతకం అబద్ధపు ప్రకటన. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం కింద నేరం. పైగా ఎనిమిదేళ్ల తర్వాత పౌరసత్వ దరఖాస్తును విచారించే అధికారికి ఓటరు జాబితాలో ఆ పేరు కనిపిస్తే, నోట్‌బుక్‌లో రాసుకున్న రోజులన్నీ బూడిదే. ఆధార్ పౌరసత్వానికి గుర్తు కాదు. 182 రోజులు ఇక్కడ ఉన్న విదేశీయులకు కూడా ఇస్తారు. రేషన్ కార్డు, ఓటు, భారత పాస్‌పోర్టు, ఈ మూడింటి దగ్గరికి ఆమె పేరు పోకూడదని ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. అత్తమ్మకు మరీ ముఖ్యంగా చెప్పండి. ఆమె చేసేది ప్రేమతో కాబట్టి ఇంకా మెల్లగా చెప్పండి.

అడ్డదారి గురించి బోధన్‌లో వేరే చెప్పాలా? 2021 మొదట్లో శంషాబాద్ విమానాశ్రయంలో దొరికిన విదేశీయుల చేతుల్లో ఉన్నవి బోధన్ చిరునామాలతో తీసిన భారత పాస్‌పోర్టులు. కూపీ లాగితే మధ్యవర్తులు, విచారణ జరపాల్సిన పోలీసు సిబ్బంది కూడా అరెస్టయ్యారు. మన ఊరి పేరు ఆ రోజుల్లో పత్రికల్లో ఏ రకంగా నిలిచిందో తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. "ఏడేళ్లెందుకన్నా, ఏడు నెలల్ల కాయితం చేతికిస్త" అనే మనిషి మీ దగ్గరికీ వస్తాడు. అతని దగ్గర చాయ్ కూడా తాగకండి.

పిల్లలు

పిల్లలు ఇక్కడ పుడితే, తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులై, రెండోవారు అక్రమంగా ఉంటున్నవారు కాకపోతే, పుట్టుకతోనే భారత పౌరులు. విదేశంలో పుడితే ఏడాదిలోపు మన ఎంబసీలో పుట్టుకను నమోదు చేయించాలి, ఆ బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని ప్రకటన ఇవ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. తల్లి తన దేశపు పాస్‌పోర్టు బిడ్డకు ముందే తీయిస్తే ఈ తలుపు మూసుకుపోతుంది. బిడ్డ పుట్టిన ఆస్పత్రిలోనే ఈ మాట ఇద్దరూ అనుకోవాలి.

చివరి సంతకం ఆమెది

రోజులు నిండాయి, కాయితాలు సరిగ్గా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, ప్రతులు ఆమె ఉంటున్న జిల్లా కలెక్టరు దగ్గర, మీకైతే నిజామాబాద్ కలెక్టరేట్‌లో ఇస్తారు. విచారణ జరిగి నివేదిక రాష్ట్ర ప్రభుత్వానికి, అక్కడి నుంచి ఢిల్లీలో హోంశాఖకు వెళ్తుంది. అదేదో నెలలో తేలేది కాదు, ఓపిక పట్టాలి. ఈ దారిలో భాషా పరీక్ష లేదు. పెండ్లి, ఓసీఐ ఏదీ లేకుండా పన్నెండేళ్ల నివాసంతో వచ్చే దారిలో మాత్రం మన రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భాష రావాలి. అందులో తెలుగు ఉంది. మీ ఇంటి కోడలికి ఎవరూ అడగకపోయినా తెలుగు నేర్పండి. ఆ ఓటరు ఫారం లాంటి కాయితాన్ని ఆమె తానే చదువుకోగలగాలి.

దరఖాస్తు ఆమోదించదగినదని తేలాక హోంశాఖ నుంచి ఉత్తరం వస్తుంది. పాత పౌరసత్వం వదులుకున్నట్టు రుజువు తెమ్మని అందులో అడుగుతారు. ఆ ఉత్తరం చేతికి రాకముందు ఆమె దేశపు పౌరసత్వాన్ని వదులుకోనివ్వకండి. ముందే వదిలేసి, ఇక్కడ ఏదో కాయితం తక్కువై ఆగిపోతే ఆమె ఏ దేశానికీ చెందని మనిషి అవుతుంది. జర్మనీ 2024 జూన్ నుంచి రెండు పౌరసత్వాలకు ఒప్పుకుంటోంది కదా, మా జర్మన్ కోడలు రెండూ ఉంచుకోవచ్చు కదా అని కొందరు అనుకుంటారు. ఆ దేశం ఒప్పుకున్నా మన దేశం ఒప్పుకోదు. పాతది వదిలి, రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చేశాకే పేరు నమోదవుతుంది.

అందుకే ఇన్ని లెక్కలు చెప్పాక మళ్లీ మొదటి ఫోన్ కాల్ దగ్గరికి వెళ్తాను. "ఆమెకు మన పౌరసత్వం తీసుకోవచ్చా?" అని కొడుకు అడిగాడు. ఆమె అడిగిందా? ఓసీఐ కార్డుతో జీవితమంతా ఇక్కడే ఉండొచ్చు. పౌరసత్వంతో ఓటొస్తుంది, పొలం కొనే హక్కు వస్తుంది, పెండ్లి మీద ఆధారపడని నిలకడ వస్తుంది. దాని కోసం ఆమె ఇచ్చేది తాను పుట్టిన దేశపు పాస్‌పోర్టు. ఆ తర్వాత ఫిలిప్పీన్స్‌లో తల్లి మంచంలో ఉందని కబురొస్తే, ఆమె తన ఊరికి మన పాస్‌పోర్టు మీద, పరాయి దేశస్థురాలిగా దిగాలి. తన పుట్టింట్లో ఎన్ని రోజులుండొచ్చో ఆ దేశపు అధికారి చెప్తాడు. ఇది ఆమెకు తెలిసుండాలి, ఆమె తల్లికి కూడా తెలిసుండాలి.

ఈ రాత్రి అన్నం తిన్నాక ఆ పొడుగాటి నోట్‌బుక్ బల్ల మీద పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. మొదటి పేజీలో మీ లెక్కలు రాయకముందే ఆమెను అడగండి. ఏమంటుందో, ఆమె భాషలోనే, ఆమె చేత్తోనే రాయనివ్వండి.